సుంకం కట్టిన గడ్డి వెంట మూడు జిల్లాలు

ఈ విషయం మీద నేను ఐదు నెలల్లో పద్నాలుగు దరఖాస్తులు రాశాను. మండలానికి నాలుగు, జిల్లాకు ఐదు, మిగతావి హైదరాబాదుకూ, గడ్డి దిగిన ఓడరేవుకూ, ఢిల్లీకీ. పదింటికి జవాబే లేదు. ఓడరేవు నుంచి ఒక్క కాగితం వచ్చింది, దాని సంగతి తర్వాత చెబుతాను. రెండింటికి, మీ దరఖాస్తును సంబంధిత విభాగానికి పంపామని కాగితం వచ్చింది. చివరిదానికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది, నా ఫిర్యాదు పరిష్కారమైందని. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో అందులో లేదు. ఆ మెసేజ్ చదివినప్పుడు నేను పొలంలోనే ఉన్నాను. పసుపు తీగ నా కాళ్ల ముందే పాకుతోంది.

మాది జనగామ జిల్లా కొడకండ్ల మండలంలో చిన్న ఊరు. ఆరు బర్రెలు, అర ఎకరం లూసర్న్ గడ్డి. ఒకసారి వేస్తే ఏండ్ల తరబడి కోసుకోవచ్చు. నేను కోతకు కొంత, విత్తనానికి కొంత వదులుతాను. ఊళ్లో పద్దెనిమిది ఇండ్లవాళ్లు నా విత్తనమే చల్లుకున్నారు. నాకు ఊళ్లో ఉన్న మర్యాద అంతా ఆ విత్తనం వల్లే, వేరే ఏమీ లేదు.

నిరుడు ఎండాకాలం గడ్డి కరువైతే జనగామ డీలరు దగ్గర విదేశీ గడ్డి కొన్నాను. అల్ఫాల్ఫా అని కొత్త పేరు చెప్పాడు. తెచ్చి విప్పితే మన లూసర్నే, ఎండబెట్టి ఇటుక పెళ్లల్లాగా నొక్కి బేళ్లు కట్టారు. సుంకం తగ్గింది, అందుకే అగ్గువకు వస్తోందన్నాడు. తగ్గిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. బర్రెలు తిన్నాయి, పాలిచ్చాయి. వాటి పెంట ఎరువుగా వానాకాలంలో లూసర్న్ మడిలో చల్లాను. దసరా దాటేసరికి మడి నిండా బంగారు తీగ.

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. దానికి ఆకు ఉండదు. మొలిచాక వేరు కూడా ఉండదు. పసుపు దారంలా మొక్కను చుట్టుకొని రసం పీల్చి బతుకుతుంది. తెంపి పక్కన పడేసిన ముక్క కూడా మళ్లీ అల్లుకుంటుంది. నా మడి నుంచి పక్క మడికి పోయింది. అప్పుడు ఊరంతా ఒకటే మాట: తీగ నా విత్తనంలోనే ఉందని. మండల వ్యవసాయం సారు కూడా సెల్‌ఫోన్ నుంచి తల ఎత్తకుండానే, "లూసర్న్‌ల గీ తీగ మామూలే" అన్నాడు. ఆ సారు ముందు నేను ఇరవై నిమిషాలు నిలబడ్డాను. పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది.

తీగ గడ్డితో వచ్చిందా, నా విత్తనంతో వచ్చిందా? నాకు కావలసింది ఈ ఒక్క సంగతే. ఎవరూ రానప్పుడు నేనే బయలుదేరాను.

జనగామ: గోడ మీద రసీదు

డీలరు కొట్టు స్టేషన్ దిక్కు సందులో ఉంటుంది. పొద్దున పోతే పదకొండుకు తెరిచాడు. ఎదురుగా హోటల్లో రెండు ఇడ్లీలు తిని మూడు చాయ్‌లు తాగాను. చాయ్ పది రూపాయలు, గ్లాసు మాత్రం పెండ్లిలో అక్షింతల గిన్నెంత.

నేను తీగను గుడ్డసంచిలో వేసుకొని వెళ్లాను. పెండ్లిలో ఇచ్చిన సంచి, జిప్పు లేదు. బల్ల మీద పెట్టి చూపించాను. అతను దాన్ని చూడలేదు. వెనక గోడకు చేయి చూపించాడు. అక్కడ దేవుడి పటం పక్కన, ఓడరేవులో సుంకం కట్టిన రసీదు నకలు ప్లాస్టిక్ అతికించి వేలాడుతోంది. దానికి కూడా కుంకుమ బొట్టు పెట్టారు.

"గిది సుంకం కట్టిన మాల్ పెద్దమనిషీ. దొంగ మాల్ కాదు."

"సుంకం కట్టినవా అని నేనడుగలే. లోపల ఏమున్నదని అడిగిన."

"లోపల ఏముంటదే? గడ్డి ఉంటది."

ఓడరేవు నుంచి వచ్చిన ఒక్క కాగితంలోనూ ఇదే అర్థం ఉంది. సరుకు తూకం, సుంకం, చెల్లింపు అన్నీ సరిగ్గా ఉన్నాయట. విత్తనం గురించి అడిగితే పన్ను గురించి చెబుతారు. పుండు చూపిస్తే టికెట్ అడిగే దవాఖాన లాగుంది వీళ్ల వ్యవహారం.

నేను కదలకుండా కూర్చున్నాను. గిరాకీలు వచ్చి నన్నూ సంచినీ చూసి పోతున్నారు. గంట గడిచాక అతనికే విసుగొచ్చింది. అదే లారీ గడ్డి కురవి దిక్కు ఒక తండాకు, భూపాలపల్లిలో ఒక పాలవ్యాపారికి కూడా దించాడట. వాళ్లెవరూ ఏమీ అనలేదట. తీగ నీ ఒక్కడికే ఎట్లా వచ్చిందని ఎగతాళిగా అడిగాడు.

ఆ మాటతో నాకు దారి దొరికింది. పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకున్నాను. నన్ను వదిలించుకోవడానికే ఇచ్చాడని తెలుసు. ఎట్లా ఇచ్చినా ఇచ్చాడు.

కురవి దారిలో: సంచి బండి బాట మీదనే

బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, నాకు సీటు లేదు. మానుకోట దాకా, అంటే మహబూబాబాద్ దాకా, నిలబడే వచ్చాను. అక్కడి నుంచి కురవి. దిగి వీరభద్రస్వామికి దండం పెట్టుకున్నాను. ఆయనకు కూడా నోటితో ఒక దరఖాస్తు ఇచ్చినట్టే. మోకాళ్లు నొప్పి పెడుతుంటే గుడి ముందు అరుగు మీద కాసేపు కూర్చున్నాను, ఎవరూ లెమ్మనలేదు.

తండాకు ఆటోవాడు ఎనభై అడిగి అరవైకి వచ్చాడు. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మా దిక్కు వడ్ల కల్లాలు దాటితే ముక్కుకు దుమ్ము కొడుతుంది, ఇక్కడ ఘాటు. తండా చేరేలోపల పదిసార్లు తుమ్మాను.

కమ్లి అనే ఆమె నాలుగు బర్రెలు సాకుతుంది. నలభై ఏండ్లుంటాయి. కొట్టం ముందు బండి బాట మీదనే నన్ను ఆపి సంచిలో ఏముందని అడిగింది. విప్పి చూపించాను. ఆమె రెండడుగులు వెనక్కి జరిగింది.

"దీన్ని బస్సుల తెచ్చినవా అన్నా?"

తెచ్చానన్నాను. సాక్ష్యం కదా అన్నాను.

"సాక్ష్యమా? అగో గది నా మిర్చి చేను. నీ చేన్ల పడ్డదని ఊరూరు తిరిగి పంచుతున్నవా?"

మూడేండ్ల కింద వాళ్ల మరిది మిరపతోట మూలకు ఈ తీగ వచ్చిందట. రెండు సాళ్లు పీకి తగలబెడితే గానీ పోలేదట. వాళ్ల భాషలో దానికేదో పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు. నేను సంచిలోకి చూశాను. తీగ మీద గుత్తులు గుత్తులుగా కాయలు ఎండి పగిలి ఉన్నాయి. జనగామ నుంచి ఇక్కడిదాకా ఎక్కడెక్కడ రాలాయో నాకు తెలియదు. డీలరు బల్ల మీద రాలి ఉంటాయి. బస్సులో రాలి ఉంటాయి. గుడి అరుగు మీద కూడా సంచి పక్కనే పెట్టుకున్నాను.

ఇది నా తప్పు. ఎవరో ఎత్తిచూపేముందు నేనే రాస్తున్నాను.

ఆమె నిరుటి మిర్చికట్టె తెచ్చి బాట మీదనే కుప్ప పెట్టి అంటించింది. సంచితో సహా వేయమంది. సంచి మంచిదన్నాను. వేయమంది. అందులో నా చేతిరుమాలు, కళ్లద్దాలు తుడుచుకునే గుడ్డ కూడా ఉన్నాయి, అవి కూడా పోయాయి. మిర్చికట్టె పొగకు నేనూ కమ్లీ, ఆటోవాడూ, దూరంగా మంచం మీద కూర్చున్న ఆమె అత్తా అందరం దగ్గుతూ కండ్లు తుడుచుకుంటూ నిలబడ్డాం. ఆ ముసలమ్మ దగ్గుకుంటూనే కోడలితో ఏదో అంది, కోడలు నవ్వింది. ఏమన్నదని అడిగితే, "మా ఇంటికి సుట్టమొచ్చిండంటే అన్నం వండుతం గని గిట్ల పొగవెట్టుడు ఎన్నడు లేదంటున్నది" అని చెప్పింది.

ఆ తర్వాత అన్నం సంగతికి వచ్చారు. మా దగ్గర చుట్టం వస్తే ముందు మంచినీళ్లిచ్చి, కుశలం అడిగి, పని అడిగి, చివరికి తిన్నావా అంటాం. ఇక్కడ ముసలమ్మ నా చేతుల మీద నీళ్లు పోసి ముందే కంచం ముందు కూర్చోబెట్టింది. జొన్నరొట్టె, పండు మిరపకాయ తొక్కు, గడ్డపెరుగు. తొక్కు నాలుక మీద పెట్టగానే నా దరఖాస్తులన్నీ కాసేపు మరిచిపోయాను.

గడ్డి సంగతి తింటూనే అడిగాను. బేళ్లన్నీ ఎండాకాలంలోనే అయిపోయాయి. పెంట వరి మడికి పోయింది. వరి మీద ఈ తీగ పట్టదు. కాబట్టి ఇక్కడ తీగ లేదు. లేనంత మాత్రాన గడ్డి మంచిదని కాదు, చెడ్డదనీ కాదు. నేను అంతదూరం వచ్చింది దీనికా అనిపించింది.

ఆమె మాత్రం రొట్టె కాలుస్తూ ఆలోచనలో పడింది. కొట్టం వెనక మిగిలిన పెంట కుప్ప వచ్చే వానాకాలం మిర్చికి అనుకున్నదట. ఇక ఒక్క తట్ట కూడా మిర్చికి పోనియ్యనంది. వెళ్లేటప్పుడు, "వచ్చుడు మంచిగనే వచ్చినవన్నా, తెచ్చుడే మంచిగ తేలే" అంది.

ఆ రాత్రి మానుకోట లాడ్జిలో పండుకున్నాను. ఐదు వందలు. ఫ్యాను తిరగడం లేదని చెబితే మధ్యాహ్నం తిరిగిందే అన్నారు.

భూపాలపల్లి: పాత దుప్పటి మీద

భూపాలపల్లి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. బొగ్గు టిప్పర్లు పోతుంటే రోడ్డు పక్క చెట్ల ఆకులు పచ్చగా కాక బూడిదరంగులో ఉన్నాయి. మా ఊళ్లో బర్రె నల్లగా ఉంటే కడిగారని అర్థం, ఇక్కడ కడగలేదని కూడా కావచ్చు.

ఖాజా భాయ్ బొగ్గుగని క్వార్టర్లకు పాలు పోస్తాడు. నాకంటే పదేండ్లు చిన్న. పాలు లీటరు మా దగ్గరికంటే ఇక్కడ ఇరవై రూపాయలు ఎక్కువ. అయినా దాణా అంతా బయటి నుంచి రావాలి కాబట్టి మిగిలేది ఏమీ లేదన్నాడు. ఇంట్లో దక్కనీ, నాతో తెలుగు. మధ్యలో బర్రెలతో మాట్లాడేది ఏ భాషో నాకు అర్థం కాలేదు.

అతను ఆరు బేళ్లు కొన్నాడు. ఐదు అయిపోయాయి. ఒకటి మాత్రం చూలు బర్రె ఈనినప్పుడు పెట్టడానికి దాచాడు. చెక్కల మీద, తాటిపత్రి, అంటే టార్పాలిన్ కింద, ఎలుక కూడా ముట్టకుండా. రెండు నల్ల ప్లాస్టిక్ పట్టీలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. ఇంగ్లీషు చీటీ, దాని మీద నంబరు కూడా ఉన్నాయి. నా దగ్గర ఉన్న బిల్లుతో సరిచూశాను. అదే లోడు.

ఐదు నెలలుగా నేను అడుగుతున్నదానికి జవాబు ఆ పట్టీల కింద ఉంది. కత్తి ఉందా అని అడిగాను.

ఖాజా భాయ్ బేలు మీద చేయి వేసి నిలబడ్డాడు.

"జర ఆగుదామన్నా. గీడ వ్యవసాయపోళ్ల ఆఫీసున్నది. ఎవరినన్న పిలిచి ఆళ్ల ముందట విప్పుదాం."

"పద్నాలుగు దరఖాస్తులు పెట్టిన భాయ్. ఒక్కరు రాలే. ఇయ్యాల నీ దొడ్లెకు వస్తరా?"

"పిలిస్తే తెలుస్తది కద."

"పిలిచి పిలిచి నా గొంతు పోయింది. నువ్వు కొడవలి తే."

నేను ఇట్లా అన్నాను, అతను తెచ్చాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషి మాట కాదనలేక తెచ్చాడు. పట్టీ తెగుతూనే ఎగిరి నా వేలి కణుపు మీద కొట్టింది. అతని భార్య లోపలి నుంచి పాత దుప్పటి ఇచ్చింది, నేను అడిగితే చాయ్ జల్లెడ కూడా ఇచ్చింది. పొర పొరగా విడదీసి దుప్పటి మీద దులిపాం. నాలుగో పొరలో ఒక కాడ దొరికింది. దాని చుట్టూ మూడు మెలికలు వేసి ఎండిన పసుపు దారం. కింద రాలిన దాన్ని జల్లెడ పడితే గరుకుగా, మట్టిరంగులో, ఆవగింజ కంటే చిన్న గింజలు. లూసర్న్ గింజ నున్నగా, పచ్చగా, మూత్రపిండం ఆకారంలో ఉంటుంది. ఇవి అవి కావు.

నేను దుప్పటి మీదనే కూర్చుండిపోయాను. నా విత్తనంలో లేదు. నా విత్తనంలో లేదని ఖాజా భాయ్‌తో రెండుసార్లు అన్నాను. అతను నా భుజం తట్టాడు. వీడియో తీద్దామని అప్పుడు ఫోన్ తీశాడు. అప్పటికి పట్టీలు తెగి పక్కన పడి ఉన్నాయి.

బగారా అన్నం, దాల్చా పెట్టారు. మాంసం తినను అని ముందే చెప్పలేదు నేను, వడ్డించాక చెప్పాను. దాల్చాలోంచి ముక్కలు తీసేసి సొరకాయ మాత్రం వేసి ఇచ్చింది ఆ ఇల్లాలు, ఏమీ అనకుండా. జల్లెడ మాత్రం తిరిగి తీసుకోనంది. ఆ గింజలు పడ్డదాంట్లో చాయ్ వడకట్టనంది.

అదే ఊళ్లో, ఆఫీసు

గింజలూ ఆ కాడా స్టీలు డబ్బాలో పెట్టుకొని, నంబరు చీటీ, తెగిన పట్టీలు కూడా తీసుకొని ఖాజా భాయ్ బండి మీద ఆఫీసుకు పోయాం. రెండు కిలోమీటర్లు కూడా లేదు. బయట ఎంతసేపు కూర్చోబెడతారో అని నీళ్ల సీసా కూడా వెంట పెట్టుకున్నాను.

కూర్చోబెట్టలేదు. లోపల ముప్పై ఏండ్లు కూడా లేని అధికారిణి ఉంది. నన్ను చూసి తను లేచి నిలబడి కుర్చీ చూపించింది. ఐదు నెలల్లో మొదటి కుర్చీ. డబ్బా మూత తీసి, తెల్లకాగితం మీద పోసి, భూతద్దంతో చాలాసేపు చూసింది. బంగారు తీగ విత్తనాలేనని చెప్పింది. ఎక్కడివని అడిగింది. నేను మొత్తం చెప్పాను, జనగామ నుంచి. ఆమె మధ్యలో ఆపలేదు. నంబరు చీటీ చూసింది. పట్టీలు చూసింది.

"సార్, మీరు దీన్ని ఎప్పుడు విప్పారు?"

"ఇయ్యాల మధ్యాహ్నం."

ఆమె భూతద్దం బల్ల మీద పెట్టింది.

"ఒక్క ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కద సార్. సీల్ ఉన్న బేలు నా ముందు విప్పి ఉంటే పంచనామా రాసి ల్యాబుకు పంపేదాన్ని. ఇప్పుడు నేనేం రాయాలి?"

నేను ఖాజా భాయ్ వైపు చూడలేదు. అతను కూడా కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

ఆమె రాయగలిగింది రాసింది. ఫలానా తేదీన నేను తెచ్చిన డబ్బాలో బంగారు తీగ విత్తనాలు ఉన్నాయని, అంతే. ఎక్కడి నుంచి వచ్చాయో తను రాయలేనంది. పైగా మీ పొలంలో ఇదే తీగ ఉందని మీరే చెబుతున్నారు కద సార్ అంది, మెల్లగానే. సంతకం పెట్టి, ముద్ర వేసి, రెండు చేతులతో ఇచ్చింది.

నాకు జరిగిన అవమానాలన్నీ నాకు తేదీలతో గుర్తుంటాయి. రైతుల సభలో మైకు ఇచ్చి, నోరు తెరిచేలోపల తీసుకున్నవాడు ఏ చొక్కా వేసుకున్నాడో కూడా చెప్పగలను. కానీ ఆ రోజు నన్ను ఎవరూ అవమానించలేదు. పిలిస్తే వచ్చే మనిషి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది, నేను పిలవలేదు. ఇది ఎవరి ఖాతాలో రాయాలో బండి మీద బస్టాండు చేరినా తేలలేదు.

అక్కడ ఖాజా భాయ్ చాయ్ ఇప్పించాడు. నేను చెప్పానుగా అని అతను ఒక్కసారి కూడా అనలేదు. గ్లాసు ఖాళీ అయ్యాక మాత్రం ఒక మాటన్నాడు.

"మనం విప్పినం అన్నా, తప్పే. మరి మనకన్న ముందు ఆ లోడుల ఒక్క బేలన్న విప్పి సూసినోడున్నడా?"

ఇంటికి వచ్చాక

మరునాడు పాలకేంద్రంలో కాగితం చూపించాను. నలుగురు చదివారు. ముద్ర బాగుందన్నారు. మా వెనక వీధి మల్లయ్య రెండుసార్లు చదివి తిరిగి ఇస్తూ, "గిండ్ల నీ విత్తనం మంచిదని యాడ రాసున్నదే?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే వెతికాడు. అతని మడిని కూడా తీగ తినేసింది.

ఈ వారం నా లూసర్న్ మడి దున్నించాను. ఏండ్ల కింద దిగిన వేర్లు, ట్రాక్టరు నాగలికి కూడా ఒక పట్టాన రాలేదు. పీకినదాన్ని మడిలోనే తగలబెట్టాను. మళ్లీ ఎప్పుడు వేస్తానో తెలియదు, వేసినా నా దగ్గర విత్తనం ఎవరు అడుగుతారో తెలియదు.

కాబట్టి, గడ్డి దిగిన ఓడరేవులో కూర్చున్న అధికారి గారికి ఇది రాస్తున్నాను. ఎంత సుంకం కట్టారని నేను అడగడం లేదు, ఆ రసీదు చూశాను. నా డబ్బాను నమ్మమని కూడా అడగడం లేదు, కొడవలి తెమ్మన్నది నేనే. అడిగేది ఒక్కటే. ఆ లోడు ఓడ దిగిన రోజున మీలో ఎవరైనా ఒక్క బేలు పట్టీ కోసి లోపల చూశారా? చూస్తే ఆ మనిషి పేరేమిటి, ఏం కనిపించిందని రాశాడు? లోడు నంబరు మీ దగ్గర ఉంది, నా అడ్రసు ఉంది. చూడకపోతే, చూడలేదనే రాయండి. ఆ ఒక్క మాటైనా సంతకం పెట్టి పంపండి. పాలకేంద్రంలో నేనే చదివి వినిపిస్తాను.